మాడ్యులర్ సింథ్ కిట్లు: మొదట్లో చేసిన పరువు తక్కువ పనులు ఇక్కడ రాయండి

తీగలమారి:
మొన్న ఒకాయన "నా మొదటి మాడ్యూల్ పనిచేయట్లేదు, అడగాలంటే సిగ్గుగా ఉంది" అని పోస్టు పెట్టి, ఎవరో జవాబిచ్చేలోపే తీసేశారు. అందుకే ఈ థ్రెడ్. (కొత్తవాళ్ల కోసం: మాడ్యులర్ సింథ్ అంటే విడివిడి మాడ్యూళ్లని కేబుళ్లతో కలిపి సౌండ్ పుట్టించే ఎలక్ట్రానిక్ వాయిద్యం. కిట్ కొంటే ఆ మాడ్యూళ్లని మనమే సోల్డర్ చేసుకోవాలి.) ఇక్కడ సోల్డరింగ్‌లో తలపండినవాళ్లు చాలామంది ఉన్నారు కదా, మీ మొదటి బోర్డుల సంగతులు నిజాయితీగా బయటపెట్టండి. ఎలా జరిగింది, ఎలా బాగుచేశారు అన్నది కూడా రాస్తే ఇంకొకరి బోర్డు బతుకుతుంది.

నాదే ముందు. నాలుగు చానళ్ల మిక్సర్ కిట్. రెసిస్టర్లు, చిప్‌లు అన్నీ బోర్డుకి ఒక వైపు పెట్టాను. జాకులు (కేబుల్ గుచ్చేవి), పాట్లు (నాబ్‌ల కింద తిరిగేవి) కూడా అదే వైపు పెట్టి చక్కగా సోల్డర్ చేసేశాను. యూరోర్యాక్ (మనందరం వాడే మాడ్యులర్ పద్ధతి) బోర్డుల్లో జాకులు, పాట్లు ముందు ప్యానెల్ వైపు, చిన్న పార్టులు చాలాసార్లు వెనక వైపు ఉంటాయని నాకు తెలియదు. ప్యానెల్ తెచ్చి పెడితే ఒక్క రంధ్రం కూడా కలవలేదు. ఎడమ జాకు కుడివైపు, కుడి జాకు ఎడమవైపు, అద్దంలో చూసినట్టు. కిట్ పంపినవాళ్లే ప్యానెల్ తప్పు పంపారని తిట్టుకున్నాను. డ్రిల్లు తీసి కొత్త రంధ్రాలు వేద్దామా అని కూడా ఆలోచించాను. తర్వాత అన్నీ ఊడదీశాను. రెండు ప్యాడ్‌లు (బోర్డు మీద సోల్డర్ అంటుకునే రాగి చుక్కలు) లేచిపోయాయి, వాటి బదులు వెనక నీలం వైర్లు లాగాను. ఆ మిక్సర్ ఇప్పటికీ కేస్‌లోనే ఉంది, పనిచేస్తోంది.

పొగబండి:
నా పేరు చూస్తేనే అర్థమై ఉంటుంది. పవర్ కేబుల్ తిరగేసి పెట్టాను. కేబుల్ అంచున ఉండే ఎర్ర గీత ప్లస్ అనుకున్నాను. ఎరుపంటే ప్లస్సే కదా, బ్యాటరీ దగ్గర్నుంచి కారు దాకా అంతే. యూరోర్యాక్‌లో మాత్రం ఎర్ర గీత మైనస్ 12 వోల్టుల వైపు. డోప్‌ఫర్ కంపెనీ ఎ-100 సిస్టమ్‌తో 1995లో మొదలైన పద్ధతి ఇది, దాదాపు అందరూ అదే కొనసాగించారు. గోధుమ రంగు రెసిస్టర్ ఒకటి నల్లగా మారడం కళ్లారా చూశాను. ముందు వాసన, ఆ తర్వాత సన్నటి పొగ. స్విచ్ దాకా చెయ్యి వెళ్లేలోపు అంతా అయిపోయింది.

రాగం తానం వోల్టేజ్:
@పొగబండి కేబుల్‌ని మాడ్యూల్ వైపు తిప్పారా, బస్ బోర్డు (కేస్‌లో అన్ని మాడ్యూళ్లకీ పవర్ పంచేది) వైపు తిప్పారా? రెండింటికీ చాలా తేడా ఉంది.

పొగబండి:
మాడ్యూల్ వైపు, 10 పిన్‌ల హెడర్ (కేబుల్ కూర్చునే పిన్‌ల వరుసలు).

రాగం తానం వోల్టేజ్:
అయితే అదృష్టవంతులే. 10 పిన్‌ల దాంట్లో రెండు చివరలా మైనస్ 12, ప్లస్ 12 ఉంటాయి, మధ్యలో ఆరు పిన్‌లూ గ్రౌండే. తిప్పి పెడితే ప్లస్, మైనస్ తారుమారవుతాయి, గ్రౌండ్ గ్రౌండ్‌గానే ఉంటుంది. ఆ ఒక్క మాడ్యూల్‌తోనే పోతుంది.

16 పిన్‌ల వైపు, అంటే బస్ బోర్డు దగ్గర తిప్పితే కథ వేరు. అక్కడ వరుసగా మైనస్ 12, మూడు జతల గ్రౌండ్, ప్లస్ 12, ప్లస్ 5, సీవీ (కంట్రోల్ వోల్టేజ్), గేట్ (ఆన్-ఆఫ్ సిగ్నల్) ఉంటాయి. తిరగేసినప్పుడు మాడ్యూల్ గ్రౌండ్ వెళ్లి ప్లస్ 12 మీద, ప్లస్ 5 మీద, సీవీ మీద ఒకేసారి కూర్చుంటుంది. మాడ్యూల్ లోపల గ్రౌండ్ అంతా ఒకటే కాబట్టి 12 వోల్టులు పోయి 5 వోల్టుల లైన్‌లో కలుస్తాయి. మీ మాడ్యూల్ తప్పించుకున్నా, 5 వోల్టులు బస్ నుంచి తీసుకునే పక్కింటి డిజిటల్ మాడ్యూల్ పోవచ్చు. కొత్త మాడ్యూల్‌ని మొదటిసారి పెట్టేటప్పుడు కేస్‌లో మిగతావన్నీ పీకేసి పెట్టమనేది అందుకే.

సోల్డర్ బాబాయ్:
కేబుల్ తిప్పి పెట్టడం మామూలు తప్పు. దానికి మించినది ఒకటుంది, చెబుతాను వినండి.

గాటు ఉన్న ప్లాస్టిక్ పెట్టె లాంటి హెడర్ ఉంటుంది కదా, కేబుల్ ఒకే వైపు దూరేలా. "ఇక తప్పు చేయడానికి వీల్లేదు" అని అందరూ ధీమాగా ఉంటారు. ఆ హెడర్‌నే బోర్డు మీద తిప్పి సోల్డర్ చేస్తే? పిన్‌లు రెండు వరుసల్లో సమానంగా ఉంటాయి కాబట్టి ఎటు తిప్పినా రంధ్రాల్లో చక్కగా దిగుతుంది. అప్పుడు కేబుల్ సరిగ్గా దూరుతుంది, గాటు సరిగ్గా కూర్చుంటుంది, పవర్ మాత్రం తిరగబడి వెళ్తుంది. నేను బాగుచేసిన బోర్డుల్లో దీని వల్ల పోయినవి ఎక్కువ. వాళ్లందరూ చెప్పేది ఒకటే మాట, "కేబుల్ కరెక్టుగానే పెట్టాను బాబాయ్" అని. పెట్టారు నిజమే.

రిబ్బన్ కేబుల్ మీరే తయారు చేసుకుంటే ఇదే తప్పు అక్కడా జరుగుతుంది. ఒక చివర కనెక్టర్‌ని తిప్పి నొక్కేస్తారు. మల్టీమీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టి, రెండు చివరలా ఎర్ర గీత వైపు పిన్‌లు కలుస్తున్నాయో లేదో చూడటానికి నిమిషం కూడా పట్టదు.

కొత్తచెయ్యి:
నమస్తే అండీ. ఆ పోస్టు తీసేసింది నేనే. థ్రెడ్ చూశాక ధైర్యం వచ్చింది. ఎల్ఎఫ్ఓ కిట్ కట్టాను. పవర్ కేబుల్ సరిగ్గానే ఉంది, హెడర్ కూడా ఇప్పుడే చూశాను, సరిగ్గానే ఉంది. ఆన్ చేస్తే ఎల్ఈడీ వెలగట్లేదు, ఒక చిప్ వేలు పెట్టలేనంత కాలిపోతోంది. పొగ మాత్రం రాలేదు.

నిశాచరి:
ముందు పవర్ తీసేయండి. ఇప్పటికే తీసేసి ఉంటారనుకుంటా. ఏ చిప్ అది? ఒక చివర అర్ధచంద్రాకారంలో గాటు ఉంటుంది, అది బోర్డు మీద గీసిన బొమ్మలో గాటు ఉన్న వైపే ఉందా?

కొత్తచెయ్యి:
టీఎల్074. గాటు సంగతి నేను చూడలేదండీ. చిప్ మీద అక్షరాలు, బోర్డు మీద అక్షరాలు ఒకే వైపు నుంచి చదివేలా పెట్టాను. అన్నీ నిటారుగా కనిపిస్తున్నాయి కదా, కరెక్టే అనుకున్నాను.

నిశాచరి:
దొరికింది. అక్షరాలు ఎటున్నాయన్నది లెక్కలోకి రాదు, గాటు ఒక్కటే లెక్క. కొన్ని చిప్‌ల మీద గాటు బదులు ఒక మూల చిన్న చుక్క ఉంటుంది, అది ఒకటో పిన్ను.

టీఎల్074లో ప్లస్ పవర్ 4వ పిన్‌కి, మైనస్ 11వ పిన్‌కి వెళ్తాయి. అవి ఎదురెదురుగా ఉంటాయి కాబట్టి చిప్‌ని తిప్పితే పవర్ సరిగ్గా తలకిందులవుతుంది. టీఎల్072లో కూడా అంతే, 8 ప్లస్, 4 మైనస్, తిప్పితే ఒకదాని చోట ఇంకొకటి. పిన్‌లు తప్పు చోటకి పోతే ఏమీ జరగకుండా ఊరుకునేదేమో, ఇలా అచ్చంగా తిరగబడటం వల్లే కాలుతుంది. సాకెట్‌లో పెట్టారా, నేరుగా సోల్డర్ చేశారా?

కొత్తచెయ్యి:
సాకెట్ ఉంది. కిట్‌లోనే వచ్చింది.

నిశాచరి:
బతికిపోయారు. ఆ చిప్ తీసి కొత్తది పెట్టండి, గాటు చూసి మరీ. పాతది ఒక్కోసారి బతికే ఉంటుంది, కానీ నమ్మకండి. సగం దెబ్బతిన్న చిప్‌తో వచ్చే వింత సమస్యలు వెతకడం కన్నా పారేయడం సుఖం.

గీత ఎటు:
ఇది చూశాకైనా సాకెట్లు వద్దనేవాళ్లు నోరు మూసుకుంటారా?

ఎనిమిదో పిన్ను:
మూసుకోను. చౌక సాకెట్లలో స్ప్రింగ్ వదులైపోతుంది, కేస్‌ని అటూ ఇటూ తీసుకెళ్తే చిప్ కొంచెం పైకి లేస్తుంది, అప్పుడు "ఒక్కోసారి పనిచేస్తుంది, ఒక్కోసారి చేయదు" అనే జబ్బు పట్టుకుంటుంది. పైగా చిప్ పెట్టేటప్పుడు ఒక కాలు సాకెట్ లోపలికి పోకుండా కింద మడతపడుతుంది. పైనుంచి చూస్తే అన్నీ దిగినట్టే కనిపిస్తాయి. నేను దాని కోసం ఒక రాత్రంతా సర్క్యూట్ బొమ్మ ముందేసుకుని కూర్చున్నాను. చిప్ సరైన వైపు పెట్టగలిగినవాళ్లకి సాకెట్ అక్కర్లేదు.

సోల్డర్ బాబాయ్:
సరైన వైపు పెట్టగలిగినవాళ్లు ఈ థ్రెడ్‌లోకి రారు నాయనా. మొదటి పది కిట్లకి సాకెట్ వాడండి, మరీ నాసిరకంది కాకుండా చూసుకోండి. ఆ తర్వాత మీ ఇష్టం.

గీత ఎటు:
నా వంతు. నాకు ఎరుపు, గోధుమ రంగుల మధ్య తేడా సరిగ్గా తెలియదు. ఒక శాతం మెటల్ ఫిల్మ్ రెసిస్టర్లు నీలం ఒంటి మీద అయిదు గీతలతో వస్తాయి. 1 కె, 10 కె, 100 కె మూడింటికీ మొదట గోధుమ, నలుపు, నలుపు. నాలుగో గీత ఒక్కటే మారుతుంది: గోధుమ, ఎరుపు, నారింజ. నాకు మూడూ ఒకటే. ఒక వీసీఏలో (వోల్టేజ్‌తో సౌండ్ పెంచే, తగ్గించే మాడ్యూల్) 100 కె ఉండాల్సిన చోట 10 కె పెట్టేశాను, అన్నీ అటూ ఇటూ అయ్యాయి. సౌండ్ వచ్చింది, కానీ గొంతు బొంగురుపోయినట్టు.

ఇప్పుడు రంగులు చూడను. ప్రతి రెసిస్టర్‌నీ మల్టీమీటర్‌తో కొలిచి, కాగితం మీద విలువ రాసి, దాని మీదే టేప్‌తో అతికిస్తాను. బాగా కనిపించేవాళ్లు కూడా ఇలా చేస్తే మంచిది.

రాగం తానం వోల్టేజ్:
కళ్లు బాగున్నా బోల్తా కొట్టే చోటు ఇంకొకటి ఉంది. అయిదు గీతల రెసిస్టర్‌ని వెనక నుంచి చదవడం. 10 కె అంటే గోధుమ, నలుపు, నలుపు, ఎరుపు, గోధుమ. తిప్పి చదివితే గోధుమ, ఎరుపు, నలుపు, నలుపు, గోధుమ. అంటే 120 ఓమ్‌లు! అది కూడా నిజంగా దొరికే విలువే. అందుకే అనుమానం రాదు. 1 కె తిప్పితే 110, 100 కె తిప్పితే 130. రెండు చివరలా గోధుమే ఉండటంతో ఎటు మొదలో తెలియదు. కొలవాల్సిందే.

కెపాసిటర్ల మీద అంకెలు కూడా అంతే. 104 అంటే 100 నానోఫారడ్‌లు, 103 అంటే 10 నానో. ఇది అందరికీ త్వరగానే వస్తుంది. కానీ 100 అని రాసి ఉన్న సిరామిక్ కెపాసిటర్ 100 పికోఫారడ్‌లు కాదు, 10 పికో. 10 పక్కన సున్నా సున్నాలు. 100 పికో కావాలంటే 101 వెతకాలి.

నిశాచరి:
ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్ మీద గీత మైనస్ వైపు, టాంటలం మీద గీత ప్లస్ వైపు. ఇది కనిపెట్టినవాడెవడో నాకు ఒకసారి కనిపించాలి.

పొగబండి:
టాంటలం తిప్పి పెడితే ఏమవుతుందో నన్ను అడగకండి. కళ్లద్దాలు పెట్టుకోండి, అంతే.

తీగలమారి:
ట్రాన్సిస్టర్ల సంగతి ఎవరూ ఎత్తలేదేం? 2ఎన్3904 దొరకలేదని బీసీ547 పెట్టేవాళ్లు చాలామంది ఉంటారు. రెండూ ఎన్‌పీఎన్, రెండూ ఒకే నల్ల డొప్ప. కానీ చదునుగా ఉన్న ముఖం మన వైపు ఉంచి చూస్తే మొదటిది ఎడమ నుంచి ఎమిటర్, బేస్, కలెక్టర్. రెండోది కలెక్టర్, బేస్, ఎమిటర్. బోర్డు మీద గీసిన బొమ్మకి పూర్తిగా తిరగేసి పెట్టాలి. తిప్పకపోయినా కొన్ని సర్క్యూట్లు ఏదో కాస్త పనిచేస్తాయి, అదే ఇంకా ప్రమాదం.

78ఎల్05 రెగ్యులేటర్ కూడా అదే డొప్పలో వస్తుంది. కిట్ సంచిలో అన్నీ కలిసి ఉంటే ట్రాన్సిస్టర్ చోట రెగ్యులేటర్ వెళ్లి కూర్చుంటుంది. భూతద్దం పెట్టి పేరు చదవండి.

కొత్తచెయ్యి:
కొత్త టీఎల్074 పెట్టాను. వేడెక్కట్లేదు! ఎల్ఈడీ మెల్లగా వెలిగి ఆరుతోంది!! అవుట్‌పుట్‌ని మిక్సర్‌లోకి, అక్కడినుంచి స్పీకర్‌కి పెట్టాను. సౌండ్ మాత్రం రావట్లేదండీ. బాగా దగ్గరగా వింటే టక్... టక్... అని ఏదో వస్తోంది. చతురస్రపు అవుట్‌పుట్ పెడితేనే అది. త్రిభుజం పెడితే అదీ లేదు. ఇంకేం పాడైంది?

ఎనిమిదో పిన్ను:
ఏమీ పాడవలేదు. ముందు స్పీకర్ నుంచి ఆ కేబుల్ తీసేయండి.

మీరు కట్టింది ఎల్ఎఫ్ఓ, అంటే లో ఫ్రీక్వెన్సీ ఆసిలేటర్. సెకనుకి ఒకటో రెండో సార్లు ఊగుతుంది. మన చెవికి 20 హెర్ట్జ్ కింద వినపడదు. చతురస్రం ఒక్కసారిగా ఎగిరి దూకుతుంది కాబట్టి ఆ దూకినప్పుడల్లా టక్ మంటుంది, త్రిభుజం మెల్లగా ఎక్కి దిగుతుంది కాబట్టి అసలేమీ వినపడదు. అంత నెమ్మది వోల్టేజ్‌ని స్పీకర్‌కి పంపడం దానికి మంచిది కూడా కాదు. మీ దగ్గర ఆసిలేటర్ ఉందా? దాని ఫ్రీక్వెన్సీ సీవీ ఇన్‌పుట్‌లో ఇది పెట్టి, ఆసిలేటర్ సౌండ్ వినండి.

కొత్తచెయ్యి:
సైరన్ వస్తోంది!!! అంబులెన్స్‌లా!!

సోల్డర్ బాబాయ్:
శుభం. దీని కోసం బోర్డంతా ఊడదీసినవాళ్లు నాకు తెలుసు, ఎవరూ సిగ్గుపడనక్కర్లేదు. "పనిచేయట్లేదు" అని నా దగ్గరికి వచ్చిన వీసీఏల్లో సగానికి జబ్బే లేదు, సీవీ ఏమీ పెట్టకపోతే వీసీఏ మూసుకునే ఉంటుంది. ఫిల్టర్ పాట్ పూర్తిగా కిందికి తిప్పి ఉన్నా అంతే. సోల్డరింగ్ ఐరన్ వేడి చేసే ముందు ఒకసారి కేబుల్ మార్చి చూడండి. నాబ్‌లన్నీ మధ్యకి తెచ్చి చూడండి.

వేగంగా:
ఇవన్నీ చదివాక ఒకటే అనిపిస్తోంది. కిట్‌తో వచ్చే పీడీఎఫ్ మొదటి నుంచి చివరి దాకా చదివితే వీటిలో ఒక్కటి కూడా జరగదు.

గీత ఎటు:
చదివానండీ. నా కిట్ పీడీఎఫ్ పాత రివిజన్ బోర్డుది. అందులో ఆర్17 అంటే 47 కె, నా బోర్డు మీద ఆర్17 వేరే చోట, వేరే విలువ. పీడీఎఫ్‌నే నమ్మి కట్టాను. బోర్డు మూల మీద చిన్న అక్షరాల్లో రివిజన్ నంబర్ ఉంటుంది, అదీ పీడీఎఫ్ మీద ఉన్నదీ ఒకటేనా అన్నది ఐరన్ ఆన్ చేసే ముందు చూసుకోవాలని ఏ పీడీఎఫ్‌లోనూ రాయలేదు.

వేగంగా:
ఆ... అది నిజమే.

రాగం తానం వోల్టేజ్:
పాట్ల గురించి ఒక్కటి. పాట్లు, జాకులు, స్విచ్‌లు బోర్డు మీద గుచ్చి, ప్యానెల్ పెట్టి, నట్లు బిగించి, ఆ తర్వాతే సోల్డర్ చేయాలి. ముందే చేస్తే అవి ఒక్కో డిగ్రీ వంగి నిలబడతాయి, ప్యానెల్ దిగదు. బలవంతంగా దింపితే సోల్డర్ జాయింట్ లోపల పగులుతుంది, ఆరు నెలల తర్వాత నాబ్ తిప్పినప్పుడల్లా గరగర. పాట్ పైన చిన్న రేకు ముక్క ఒకటి పొడుచుకుని ఉంటుంది, ప్యానెల్‌లో దానికి రంధ్రం లేకపోతే కటింగ్ ప్లయర్‌తో తుంచేయండి.

ఎనిమిదో పిన్ను:
బోర్డు కడగడం కూడా చెప్పండి. నీళ్లలో కరిగే ఫ్లక్స్ ఉన్న సోల్డర్ వాడితే కడిగి తీరాలి. లేకపోతే ఆ జిగురు కొంచెం కొంచెంగా కరెంట్ పోనిస్తుంది. ఒకరి శాంపుల్ అండ్ హోల్డ్ నా దగ్గరికి వచ్చింది. నోట్ పట్టుకుంటుంది, పట్టుకున్నది మెల్లగా కిందికి జారిపోతుంది. చిప్‌లు మార్చారు, కెపాసిటర్ మార్చారు, ఏమీ మారలేదు. కెపాసిటర్ కాళ్ల మధ్య పసుపు పచ్చ మరక. ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేసి పాత టూత్ బ్రష్‌తో రుద్దితే నోట్ కదలకుండా నిలబడింది. కానీ కడిగే పని పాట్లు, జాకులు పెట్టకముందే అయిపోవాలి. పెట్టాక కడిగితే ఆ మురికంతా పాట్ లోపలికి పోతుంది.

నిశాచరి:
వీసీఓ (వోల్టేజ్‌ని బట్టి శ్రుతి మారే ఆసిలేటర్) ట్యూనింగ్ గురించి నా అవమానం. ఆక్టేవ్‌కి ఒక వోల్ట్, అంటే ఒక్కో స్వరస్థానానికి 83.3 మిల్లీవోల్టులు. ట్రిమ్మర్ తిప్పుతూ కూర్చున్నాను. కింద ఆక్టేవ్ సరిచేస్తే పైది పోతుంది, పైది సరిచేస్తే కిందిది. మధ్యలో కిటికీ తీస్తే అన్నీ మళ్లీ మొదటికి. ఆన్ చేసిన వెంటనే మొదలుపెట్టడం ఒక తప్పు, కనీసం అరగంట వేడెక్కనివ్వాలి. బోర్డుని కేస్ బయట పెట్టి ట్యూన్ చేయడం రెండో తప్పు. అసలు తప్పు ఇంకోటి. నేను కొలుస్తున్న మల్టీమీటర్‌లో బ్యాటరీ అయిపోవచ్చింది, అంకెలన్నీ అబద్ధాలు. స్క్రీన్ మూల మీద బ్యాటరీ గుర్తు మొదటి నుంచీ కనిపిస్తూనే ఉంది.

పొగబండి:
నేను మీటర్ వాడను, ట్యూనర్ యాప్ పెట్టి చెవితో చేస్తాను. రెండు ఆక్టేవ్‌లు కలిస్తే చాలు, మూడోది ఎవడికి కావాలి.

నిశాచరి:
@పొగబండి నాకు కావాలి.

తీగలమారి:
తప్పు పార్ట్ ఊడదీయడం గురించి ఒక మాట. కొత్తవాళ్లు పార్ట్‌ని కాపాడబోయి బోర్డుని చంపుతారు. చిప్ సోల్డర్ చేసేశారనుకోండి, 14 కాళ్లనీ ఒకేసారి కరిగించి లాగాలని చూడకండి. చిప్ ఒంటి దగ్గర కాళ్లన్నీ కత్తిరించేయండి, ఒంటిని పారేయండి, తర్వాత ఒక్కో కాలుని వేడి చేసి లాగండి. ఆ రంధ్రంలో మిగిలిన సోల్డర్‌ని అల్లిన రాగి తీగతో పీల్చేయండి. గ్రౌండ్‌కి కలిసిన కాలు వేడిని మింగేస్తుంది, అక్కడ ఓపిక పట్టాలి, కొంచెం కొత్త సోల్డర్ వేస్తే త్వరగా కరుగుతుంది. చిప్ మళ్లీ కొనుక్కోవచ్చు, లేచిపోయిన ప్యాడ్ దొరకదు.

వేగంగా:
ఒక నిమిషం. ఈ థ్రెడ్ చదివి ఊరికే నా మాడ్యూల్స్ వెనక్కి తిప్పి చూశాను. ఈ వారమే కట్టి, ఇంకా పవర్ ఇవ్వని ఎన్వలప్ జెనరేటర్ ఒకటి ఉంది. హెడర్ మీద గాటు బోర్డు బొమ్మలో ఉన్న వైపు లేదు.

పొగబండి:
పీడీఎఫ్ చదివారా అండీ?

వేగంగా:
చదివాను. సరే, ఒప్పుకున్నాను. ఇప్పుడేం చేయాలి? కేబుల్ కనెక్టర్ మీద గాటులో దూరే బొడిపె గీకేసి తిప్పి పెట్టనా? దాని పక్కన మార్కర్‌తో రాసుకుంటాను.

సోల్డర్ బాబాయ్:
వద్దు. ఆ మార్కర్ గుర్తు మీకు మాత్రమే తెలుసు. రేపు మాడ్యూల్ అమ్మేస్తారు, కొన్నవాళ్లు బొడిపె ఉన్న కేబుల్ పెడతారు, మళ్లీ పొగ.

పిన్‌లు ఊడదీయనక్కర్లేదు కూడా. పిన్‌లు రెండు వైపులా సమానమే కదా, తప్పు వైపు ఉన్నది ప్లాస్టిక్ డొప్ప ఒక్కటే. సన్నటి స్క్రూడ్రైవర్‌ని డొప్ప కింద ఒక చివర, తర్వాత రెండో చివర దూర్చి కొంచెం కొంచెంగా పైకి లేపండి. ఒకేసారి ఒక వైపే లేపితే పిన్‌లు వంగుతాయి. పూర్తిగా పైకి వచ్చాక తిప్పి అవే పిన్‌ల మీద నిటారుగా నొక్కండి. తర్వాత బీప్ మోడ్‌లో గాటు సంగతి మరిచిపోయి, బోర్డు మీద మైనస్ 12 అని రాసి ఉన్న పిన్‌కి కేబుల్ ఎర్ర గీత కలుస్తోందా అని చూడండి. ప్లస్ 12కీ గ్రౌండ్‌కీ మధ్య, మైనస్ 12కీ గ్రౌండ్‌కీ మధ్య బీప్ రాకూడదు. అప్పుడు పవర్ ఇవ్వండి, కేస్‌లో అదొక్కటే ఉంచి.

వేగంగా:
డొప్ప వచ్చేసింది. ఒక పిన్ కొంచెం వంగింది, ప్లయర్‌తో సరిచేశాను. తిప్పి నొక్కాను. బీప్‌లు మీరు చెప్పినట్టే ఉన్నాయి. పవర్ ఇచ్చాను, ఎల్ఈడీ వెలిగింది. కానీ రిలీజ్ పాట్ (సౌండ్ ఎంతసేపట్లో ఆరాలో చెప్పేది) ఎటు తిప్పినా ఒకేలా ఉంది.

గీత ఎటు:
తప్పు పాట్ పడిందేమో, దాని మీద ఏం రాసి ఉందో చదవండి. ఏ అక్షరం, ఎన్ని కె?